ఎంత పర్సెంటు అన్నారు?

మొన్న డిసెంబర్ సెలవుల్లో అమెరికాలోనే అరిజోనా రాష్ట్రంలో ఉన్న టూసాన్ వెళ్ళినప్పుడు పాలు అయిపోయాయని ఒక సేఫ్‌వే దుకాణం ముందు కారు ఆపాం. ఓరకిల్ రోడ్డూ ఐనా రోడ్డూ కలిసే చోటు. లోపలికి వెళ్ళబోతుంటే ఒక బండరాయి, దాని మీద ఫలకం కనిపించాయి. 2011 జనవరి 8 అన్న తేదీ చూడగానే ఎక్కడున్నామో అర్థమైంది. గాబీ గిఫర్డ్స్ అనే అమెరికా కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) సభ్యురాలు ఓటర్లతో మాట్లాడుతుండగా తుపాకీ పేలింది ఈ దుకాణం ముందే. ఆరుగురు పోయారు. అందులో ఒక పాప వయసు తొమ్మిదేళ్ళు. గిఫర్డ్స్ తలలోంచి తూటా దూసుకుపోయింది. ఆవిడ బతికింది.

ఫోటో తీసి, ఈ నాలుగు ముక్కలూ రాసి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఇండియాలో అప్పుడు అర్ధరాత్రి దాటింది. మా బాబాయి కొడుకు మేలుకునే ఉన్నట్టున్నాడు, వెంటనే జవాబు పెట్టాడు.

"ఆవిడకి ఎంత పర్సెంటు అన్నారట అక్కా?"

అప్పట్నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. వాడెందుకు అడిగాడో నాకు తెలుసు. నాలుగేళ్ళ కిందట గుంటూరు దగ్గర మా బాబాయి బండి మీంచి పడ్డాడు. హెల్మెట్ పెట్రోలు ట్యాంకు మీద ఉంది, తల మీద లేదు. రాత్రి రెండింటికి ఆపరేషన్ చేసి, వాపుకి చోటివ్వడానికి పుర్రె ముక్క ఒకటి తీసి, దాన్ని పొట్ట చర్మం కింద దాచారు. తెల్లవారాక కారిడార్లో డాక్టరు గారు తమ్ముడి చేతిలో ఉన్న మందుల షాపు బిల్లు తీసుకుని, వెనక్కి తిప్పి, 20 అని రాసి సున్నా చుట్టారు. బతికే అవకాశం నూటికి ఇరవై అని. "ఇంతే చెప్పగలను. 72 గంటలు గడవనివ్వండి" అని వెళ్ళిపోయారు.

బాబాయిది బండి ప్రమాదం, గిఫర్డ్స్‌ది తూటా. రెండూ ఒకటి కాదని నాకూ తెలుసు. అయినా ఆ 20 ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలని చదవడం మొదలుపెడితే, చివరికి తూటాల దగ్గరే తేలాను. మెదడుకి తగిలే దెబ్బలన్నిట్లోకీ డాక్టర్లు తొందరగా పెదవి విరిచేసేది దీనికే. అంకెలు గట్టిగా పలికేదీ ఇక్కడే. తలకి తూటా తగిలిన వాళ్ళలో సుమారు 90 శాతం మంది చనిపోతారని, చాలామంది ఆస్పత్రి దాకా కూడా రారని అందరూ చెప్పే మాట.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, దాచి చివర్లో బయటపెట్టడానికి ఇదేం సస్పెన్స్ కథ కాదు. అంచనా వేయడం తప్పని నేననను. కానీ మొదటి రెండు మూడు రోజుల్లో వేసిన అంచనాలో గాయం ఎంతుందో, వైద్యం చేసేవాళ్ళ ఉద్దేశం కూడా దాదాపు అంతే ఉంటుంది. ఆ రెంటినీ కలిపి ఒకే అంకెగా ఇంటివాళ్ళ చేతిలో పెట్టడం నాకు నచ్చదు.

101

టూసాన్ ఆస్పత్రిలో ఆ రోజు, తీవ్రమైన గాయాలు చూసే ట్రామా విభాగానికి పెద్ద, పీటర్ రీ. అమెరికన్ నేవీలో సర్జన్‌గా ఇరాక్, అఫ్గానిస్తాన్ చూసి వచ్చిన మనిషి. గిఫర్డ్స్‌ని తెచ్చిన 38 నిమిషాల్లో ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. మూడు రోజుల తర్వాత ఆయన టీవీ కెమెరాల ముందు, ఆవిడ బతికే అవకాశం 101 శాతం అన్నాడు. చనిపోవడానికి తను అనుమతివ్వలేదని కూడా అన్నాడు. పక్కనే ఉన్న న్యూరో సర్జన్ మైకేల్ లెమోల్ మాత్రం ఆచితూచి మాట్లాడాడు. ఒకే రోగి, ఒకే స్కాను, రెండు గొంతులు.

మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. నూటికి నూట ఒకటేమిటి, వేలంపాటా? మా తమ్ముడికి 20 రాసిచ్చిన డాక్టరుగారే నయం, గొప్పలు పోలేదు అనిపించింది.

తర్వాత నిదానంగా ఆలోచిస్తే రీ దగ్గర ఆధారం లేకపోలేదు. చెయ్యి నొక్కమంటే ఆవిడ నొక్కింది. రెండు వేళ్ళు చూపించమంటే చూపించింది. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు స్పృహ ఎంతుందో చూడటానికి తయారు చేసిన కొలతే ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. కళ్ళకి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15. (ఏమీ చెయ్యకపోయినా 3 ఇస్తారు. తెల్ల కాగితం ఇచ్చినా మూడు మార్కులు వచ్చే పరీక్ష లోకంలో ఇదొక్కటే అనుకుంటా.) గొట్టం వేసిన మనిషి మాట్లాడలేడు కాబట్టి కదలికే అసలు సాక్ష్యం. చెప్పింది విని చెయ్యగలిగితే పూర్తి ఆరు. రెండోది కంటిపాప, వెలుగు వేస్తే ముడుచుకోవాలి. మూడోది తూటా దారి. గిఫర్డ్స్ విషయంలో అది ఎడమ పక్క మెదడులో ఆ చివర నుంచి ఈ చివర దాకా వెళ్ళింది గానీ, మధ్య గీత దాటి కుడి పక్కకి రాలేదు. నడిబొడ్డున ఉండే భాగాలని తాకలేదు.

దారి సన్నగానే ఉంటుంది, వేలెడంత. కానీ తూటా వేగానికి చుట్టూ ఉన్న మెదడు క్షణంలో వందోవంతు పక్కలకి విచ్చుకుని మళ్ళీ మూసుకుంటుంది. స్కాన్లో కనిపించే గీత ఒకటి, చితికినది అంతకు ఎన్నో రెట్లు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. అందుకే పిస్తోలు దెబ్బకీ రైఫిల్ దెబ్బకీ అంత తేడా. ఆవిడకి తగిలింది పిస్తోలు తూటా.

ఇన్ని ఉన్నా 101 అనేది లెక్కలోంచి రాలేదు. అది ప్రమాణం. "నేను వదలను" అన్న మాటని అంకెలో చెప్పాడాయన. ఇది బుర్రలోకి ఎక్కాక నాకు అసలు టెన్షన్ మొదలైంది. 101 అంకె కాకపోతే 20 మాత్రం అంకెనా? 20 అన్నాక రెండు రోజులు బాబాయి దగ్గరికి ఫిజియో వాళ్ళు రాలేదు. పిన్ని అడిగితే "ముందు చూద్దాం అమ్మా" అన్నారు. కావాలని ఎవరూ చెయ్యలేదు. రాత్రంతా నిలబడి ఆపరేషన్ చేసింది కూడా ఆ 20 రాసినాయనే. కానీ ఒక అంకె గాల్లోకి వచ్చాక ఆ వార్డులో అందరి అడుగూ కొంచెం నెమ్మదించింది.

స్కోరులో ఏముంది

తలలోకి తూటా దిగిన వాళ్ళ కోసమే 2016లో స్పిన్ అని ఒక స్కోరు తయారు చేశారు. అమెరికాలో రెండు పెద్ద ట్రామా సెంటర్లలో 413 మంది వివరాలు తీసుకుని, ఎవరు బతికారు, ఎవరు పోయారు, తేడా ఎక్కడుందని చూశారు. ఏడు విషయాలు తేలాయి. కదలిక, కంటిపాప, ఒంట్లో మిగతా గాయాల తీవ్రత, రక్తం గడ్డకట్టే తీరు. ఈ నాలుగింటితో నాకు పేచీ లేదు. చితికిన మెదడులోంచి వచ్చే పదార్థాలు రక్తం గడ్డకట్టే వ్యవస్థనే తారుమారు చేస్తాయి కాబట్టి నాలుగోది కూడా గాయం లోతునే చెబుతోంది.

మిగతా మూడు చూడండి. తనంతట తను కాల్చుకున్నాడా, ఇంకొకరు కాల్చారా? ఆడా, మగా? నేరుగా వచ్చాడా, ఇంకో ఆస్పత్రి నుంచి పంపారా?

ఇంకో ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ బతికారు. పైకి వింతగా ఉంటుంది, ఆలస్యం అయినవాడు ముందు పోవాలి కదా. కాస్త ఆలోచిస్తే తెలుస్తుంది. పోతాడనుకున్న వాణ్ణి చిన్న ఆస్పత్రి వాళ్ళు అంబులెన్సు ఎక్కించనే ఎక్కించరు. ఎక్కించారంటే ఎవరో ఒకరు "వీడికి చాన్సుంది" అనుకున్నారన్నమాట. అంటే ఇది గాయానికి కొలత కాదు, ఒక డాక్టరుకి కలిగిన నమ్మకానికి కొలత. ఆ నమ్మకం ఇప్పుడు పట్టికలో చేరి, రేపు వచ్చే ఇంకో డాక్టరుకి ఆధారం అవుతుంది.

తనంతట తను కాల్చుకోవడం కూడా అంతే చిక్కు. తుపాకీ తలకి ఆనించి కాలిస్తే దెబ్బ ఘోరంగా ఉంటుంది, తూటా తరచుగా రెండు పక్కలా చీల్చుకుపోతుంది. అది నిజమే. కానీ "చావాలనుకున్న మనిషి, పోనివ్వండి" అని ఇంట్లోవాళ్ళో డాక్టర్లో లోలోపల అనుకోవడం కూడా ఆ లెక్కలో కలిసి ఉండొచ్చు కదా. రెంటినీ విడదీసి చూపించే స్కాను లేదు.

ఇలాంటిదే ఇంకొకటి. మామూలు తల దెబ్బలకి క్రాష్ అని ఒక లెక్క ఉంది, పది వేల పైచిలుకు రోగుల వివరాలతో 2008లో చేశారు. ఆన్‌లైన్లో ఎవరైనా నింపుకోవచ్చు. వయసు, స్పృహ, కంటిపాపలు, స్కాన్లో ఏముంది అని అడుగుతుంది. దేశం కూడా అడుగుతుంది. నేను ఒక రాత్రి కూర్చుని బాబాయి వివరాలన్నీ పెట్టాను. ఇండియా అని పెడితే ఒక అంకె, యునైటెడ్ స్టేట్స్ అని మారిస్తే ఇంకో అంకె. తల అదే, దెబ్బ అదే. మారింది ఐసీయూ, అంబులెన్సు, తర్వాత దొరికే ఫిజియో. నిజాయితీగా అడుగుతున్నారు, అందుకు వాళ్ళని మెచ్చుకోవాలి. మందుల బిల్లు వెనక రాసిన 20లో కూడా ఆ దేశం ఉంది, కాకపోతే పైకి కనిపించదు.

చేతులెత్తేస్తే ఏమవుతుంది

కెనడాలో ఆరు పెద్ద ట్రామా సెంటర్లలో తీవ్రమైన తల దెబ్బలతో వచ్చిన 720 మంది సంగతి 2011లో ప్రచురించారు. చనిపోయిన వాళ్ళలో దాదాపు 70 శాతం మంది పోయింది వెంటిలేటర్ లాంటివి ఆపాలని నిర్ణయించాక. ఆ నిర్ణయాల్లో సగం మొదటి మూడు రోజుల్లోనే జరిగాయి. ఒక ఆస్పత్రిలో మరణాలు 11 శాతం అయితే ఇంకో దాంట్లో 44. రోగుల్లో తేడాలుంటాయి, ఒప్పుకుంటాను. అయినా అదే దేశంలో ఆస్పత్రి మారితే చావు నాలుగింతలు కావడానికి రోగులే కారణమంటే నమ్మబుద్ధి కాదు.

దీనికి ఎదురుగా టూసాన్ లెక్క పెట్టి చూడండి. రీ ఉన్న ఆస్పత్రిలోనే, తలలో తూటాతో వచ్చిన ప్రతివాణ్ణీ ముందే తీసిపారెయ్యకుండా రక్తం ఎక్కించడం, వాపు తగ్గడానికి గాఢమైన ఉప్పు నీళ్ళు, రక్తం గడ్డకట్టడానికి మందులు, అన్నీ గట్టిగా మొదలుపెట్టారు. 2008లో నూటికి 10 మంది బతికితే 2011కి 46 అయింది. ఆ మూడేళ్ళలో తూటాలు మెత్తబడలేదు.

ఇది కూడా గుడ్డిగా నమ్మను. ఐదేళ్ళ లెక్క కలిపినా మొత్తం 132 మందే. ఏడాదికి ఇరవై ముప్పై మంది లెక్కలో నలుగురు అటూ ఇటూ అయితే శాతాలు ఎగిరిపడతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, బతికారన్న మాటకీ, ఎలా బతికారన్న మాటకీ మధ్య బోలెడు దూరం ఉంది.

ఆ దూరం గురించి నన్ను కడిగేసింది ఫీనిక్స్‌లో ఐసీయూ నర్సుగా చేసే స్నేహితురాలు. మాది పక్కపక్క ఊళ్ళే. "నువ్వు కారిడార్ వైపు నుంచి చూసి మాట్లాడుతున్నావు. నేను మంచం వైపు నుంచి చూస్తాను" అంది. గొంతులో గొట్టం, పొట్టలో గొట్టం, ఆరు నెలలైనా కూతుర్ని గుర్తుపట్టని మనుషుల్ని రోజూ తిప్పి పడుకోబెట్టేది తనే. "అంకె చెప్పొద్దంటావు. చెప్పకపోతే ఇంటివాళ్ళు రాత్రికి గూగుల్లో వెతుక్కుంటారు. పొద్దున్నే గిఫర్డ్స్ ఫోటో పట్టుకుని నా దగ్గరికొస్తారు. అది నీకు బావుంటుందా?"

నా దగ్గర జవాబు లేదు. రెండు కంటిపాపలూ విచ్చుకుని కదలకుండా ఉండి, నొప్పి పెట్టినా ఒంట్లో చలనం లేక, తూటా నడిమధ్యలోంచి వెళ్ళిన మనిషి విషయంలో నేను వాదించను. అక్కడ డాక్టరు మాటే మాట. టూసాన్ వాళ్ళ లెక్కలో ఇంకో సంగతి కూడా ఉంది. గట్టిగా వైద్యం చేసినందువల్ల, బతకని వాళ్ళ నుంచి కూడా అవయవాలు ఎక్కువమందికి అందాయి. అవయవదానం చూసే జీవన్‌దాన్ పథకం గురించి విన్నవాళ్ళకి దాని విలువ చెప్పక్కర్లేదు.

మన దగ్గర ఇంకో మాట కూడా నిజంగా మాట్లాడుకోవాలి. గుంటూరులో వెంటిలేటర్ ఆపించేది చాలాసార్లు అంచనా కాదు, బిల్లు. నాలుగో రోజు తమ్ముడు పొలం కాగితాలు బయటికి తీశాడు. ఎకరంన్నర. 20 అన్న అంకెని వాడు వైద్యంలా వినలేదు, బేరంలా విన్నాడు: ఐదో వంతు అవకాశానికి మొత్తం పొలం పెట్టాలా? ఆ పరిస్థితిలో ఉన్నవాడికి అంకె అక్కర్లేదని అమెరికాలో కూర్చుని చెప్పడానికి నేనెవర్ని? వాడు మాత్రం పెట్టేశాడు. బాబాయి బతికాడు. బతక్కపోయుంటే అదే పనిని ఊళ్ళోవాళ్ళు తెలివితక్కువ అనేవాళ్ళు.

కాబట్టి అంకె చెప్పొద్దనడం లేదు నేను. "ఇవాళ్టికి ఇది కష్టంగా ఉంది, మేం మూడు రోజులు పూర్తిగా పట్టుకుంటాం, శుక్రవారం మళ్ళీ కూర్చుని మాట్లాడదాం" అనొచ్చు. ఇందులో గాయం సంగతీ ఉంది, తమ ఉద్దేశమూ ఉంది, రెండూ విడివిడిగా. అడిగినవాళ్ళకి అంకె కూడా చెప్పొచ్చు, కానీ ఆ వాక్యం తర్వాత.

ఎక్కాలు

తొందరపడటంలో డాక్టర్ల కన్నా టీవీ వాళ్ళు నాలుగాకులు ఎక్కువే చదివారు. గిఫర్డ్స్ చనిపోయిందని ఆ రోజు చానెళ్ళు చెప్పేశాయి. ఆవిడ భర్త, వ్యోమగామి మార్క్ కెల్లీ, విమానంలో టూసాన్ వస్తూ ఆ వార్త చూశాడు. 1981 మార్చి 30న అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద కాల్పుల్లో తలకి తూటా తగిలిన ఆయన ప్రెస్ సెక్రటరీ జేమ్స్ బ్రేడీని కూడా మూడు పెద్ద చానెళ్ళూ చంపేశాయి. ఆయన ఇంకో 33 ఏళ్ళు బతికాడు, చక్రాల కుర్చీలో, ఎడమ చెయ్యీ కాలూ సరిగా పనిచెయ్యకుండా. 2014లో పోతే, పరీక్ష చేసిన డాక్టర్లు అది హత్యే అని రాశారు. 33 ఏళ్ళ కిందటి తూటాయే కారణమట. ఆ మనిషి కోలుకున్నట్టా, కోలుకోనట్టా? ఏ పట్టికలో ఏ గడిలో పెడతారు?

వియత్నాంలో తల దెబ్బలు తిన్న అమెరికన్ సైనికుల్ని దశాబ్దాల పాటు గమనించారు. పదిహేనేళ్ళ తర్వాత చూస్తే 421 మందిలో సగానికి పైగా, 53 శాతం మందికి ఫిట్స్ వచ్చాయి. ఇంకో సంగతి ఏమిటంటే, దెబ్బకి ముందు సైన్యంలో చేరేటప్పుడు రాసిన తెలివితేటల పరీక్షలో మార్కులు ఎలా ఉన్నాయో, తర్వాతి ఆలోచనా శక్తి చాలావరకు దాన్ని బట్టే ఉంది. ఐసీయూలో ఆ కాగితం ఎవరి దగ్గర ఉంటుంది?

గిఫర్డ్స్ ఆ ఏడాది మే నెలలో భర్త అంతరిక్షంలోకి వెళ్ళడం చూసింది. ఆ తర్వాత రెండు రోజులకి, తీసేసిన ఎముక స్థానంలో కృత్రిమమైన ముక్క పెట్టారు. అప్పటిదాకా తలకి హెల్మెట్ పెట్టుకునే తిరిగింది. ఆగస్టు 1న సభలోకి వచ్చి ఓటేసింది. 2012 జనవరిలో రాజీనామా చేసింది. ఇప్పటికీ కుడి చెయ్యి సరిగా రాదు, మాట కోసం వెతుక్కుంటుంది. ఏం చెప్పాలో లోపల అంతా ఉంటుంది, పదమే నోటికి రాదు. మాట్లాడలేని రోజుల్లో పాటలు మాత్రం పాడగలిగింది. పాటకి మెదడులో కుడి పక్క కూడా చెయ్యేస్తుంది.

బాబాయికి కూడా దెబ్బ తగిలింది ఎడమ పక్కే. ఇంటికొచ్చాక పుర్రె ముక్క మళ్ళీ పెట్టేదాకా మూడు నెలలు హెల్మెట్ పెట్టుకుని వరండాలో కూర్చునేవాడు. చూసినవాళ్ళు ఏమీ అనలేక తల తిప్పుకునేవాళ్ళు. గ్లాసుని తాళం అనేవాడు. పిన్ని పేరు రాదు. పేరు కోసం వెతికి వెతికి కోపం వచ్చి గోడని కొట్టేవాడు. ఒకరోజు మనవడు పక్కన కూర్చుని ఎక్కాలు బట్టీ పడుతూ ఏడో ఎక్కం దగ్గర ఆగిపోయాడు. ఏడారులు, ఏడారులు అని కొట్టుకుంటున్నాడు. "నలభై రెండు" అన్నాడు బాబాయి. పిన్ని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. పందొమ్మిదో ఎక్కం దాకా ఆగకుండా చెప్పాడట. ఆవిడ ఎదురుగా నిలబడి "నా పేరేంటండీ?" అంటే మాత్రం నవ్వాడు.

ఇప్పటికీ ఆ పేరు పది సార్లలో ఆరేడు సార్లు వస్తుంది. కోపం ఎక్కువైంది. ఇదివరకు గట్టిగా మాట్లాడని మనిషి బస్సు కండక్టర్లని బూతులు తిడుతున్నాడు. పిన్ని ఒకసారి ఫోన్లో, "ఈయన మంచాయనే, కానీ మా ఆయన కాదే" అంది. మరునాడు ఫోన్ చేసి, నిన్నటి మాట మీ తమ్ముడికి చెప్పకు అంది. బతికే అవకాశం గురించి ఆ కారిడార్లో అంకె చెప్పారు గానీ, దీని గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. మేమూ అడగలేదు. మాకు అడగడం తెలిసిన ప్రశ్న ఒక్కటే.

తమ్ముడికి ఆ రాత్రే జవాబు పెట్టాను, 101 అన్నారట అని. వాడు నవ్వే బొమ్మ పెట్టాడు. పది నిమిషాల తర్వాత ఇంకో ఫోటో పంపాడు. బాబాయి కళ్ళజోడు పెట్టెలో మడిచి పెట్టిన మందుల షాపు బిల్లు, రెండు వైపులా తీశాడు. ముందు వైపు అచ్చంతా వెలిసిపోయింది. మందుల పేర్లు, ధరలు, మొత్తం ఎంతైందో, ఏవీ కనపడటం లేదు. వెనక బాల్‌పెన్నుతో రాసిన 20, దాని చుట్టూ సున్నా మాత్రం అలాగే ఉన్నాయి.

"పారెయ్యకపోయావా?" అని పెట్టాను.

"నాన్న ఒప్పుకోట్లేదు. అది తన మార్కులంట."